ఖాళీ గదిలో అరిసెలు

ఇలా రండమ్మా, చేతిలో ఫోనులు కాసేపు బోర్లా పెట్టి దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ముందుకు రండి, నా గొంతు అంత దూరం రాదు. ఢిల్లీ కంటోన్మెంటులో లీలావతి అని ఒకావిడ ఉంది. ఆవిడ మనవరాలి మడమ నేల మీద ఎలా ఆనిందో, అందులో ఎవరెవరి చెయ్యి ఉందో చెబుతాను. మంచి చేసినవాళ్ల పేర్లు నోట్లో నానుతూ ఉండాలి, లేకపోతే గాలికి పోతాయి.

లీలావతిది బొబ్బిలి దగ్గర పల్లె. కొడుకు ఉమాశంకర్ మిలిటరీలో హవల్దారు. పెళ్లాం పిల్లల్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేని కొండల మీద డ్యూటీ పడితే, భార్య వైశాలినీ కూతురు తేజశ్రీనీ ఢిల్లీ క్వార్టర్లోనే ఉంచి వెళ్లాడు. కోడలేమో పొద్దున్నే చిన్నపిల్లల బడిలో పాఠాలకి వెళ్లాలి. పాపని చూసుకోవడానికి లీలావతి రైలెక్కి వచ్చింది. రెండు నెలలుండి పోదామని వచ్చిన మనిషి, తెచ్చుకున్న చింతపండంతా అయిపోయినా కదల్లేదు. ఎందుకు కదల్లేదంటే, పాప కాళ్లు.

తేజశ్రీకి నాలుగో ఏడు నడుస్తోంది. ఒళ్లంతా బంగారం, మాటలు గలగల. కానీ నడక మాత్రం మునివేళ్ల మీద. గోడ మీద పిల్లి నడిచినట్టు, మడమ గాల్లో తేలిపోతూ ఉండేది. మొదట్లో పక్క క్వార్టర్ల ఆంటీలు ముచ్చటపడ్డారు, ఈ పిల్ల డాన్సర్ అవుతుంది చూడండి అని. ఏడాదైంది, రెండేళ్లు దాటింది. ముచ్చట పోయి గుసగుస మిగిలింది. పిల్లలు పరుగెత్తే ఆటల్లో తేజశ్రీ ఎప్పుడూ బోర్లా పడేది, మోకాళ్లకి చెక్కు ఆరేది కాదు.

మనలో పిల్లలు చేసే ప్రతి పనికీ ఒక తీపి ఉంది కదా. నవ్వులకు నువ్వులు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు. తొలి అడుగులు వేసిన బిడ్డని అరిసెల మీద నడిపించి, ఆ అరిసెల్ని నలుగురికీ పంచుతాం. తేజశ్రీకి ఆ వేడుక జరగలేదు. పాప నడిచిందని వైశాలి ఫోను చేసిన రోజునే లీలావతి అడిగింది, అరికాలు ఆనించిందా అని. లేదత్తయ్యా, వేళ్ల మీదే అంది కోడలు. అయితే ఆగండి, అరికాలు ఆనాక నేనే వచ్చి నా చేత్తో వండుతాను అంది ఈవిడ. అలా ఆగిన వేడుక ఆగినట్టే ఉండిపోయింది.

ఎముకల డాక్టరు ఖురానా మేడమ్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ మడమ వెనక నరం పట్టుకుని పాదం వంచి చూద్దామంటే, తేజశ్రీ ఏడ్చి ఏడ్చి కాలు కర్రలా బిగించేసేది. మేడమ్ ఓపికగా చెప్పింది. నడిచేటప్పుడు మడమ ఎప్పుడూ నేలకి దిగకపోతే నరం పొట్టిగా ఉన్నట్టు, కోసి పొడుగు చెయ్యాలి. ఒక్కోసారైనా తనంతట తను దించుతుంటే కొయ్యక్కర్లేదు, కట్లు కట్టి, కసరత్తు చేయించి చూడొచ్చు. మరి దించుతోందా లేదా? ఫోనులో వీడియో తీసి తీసుకురండి అంది. వైశాలి ఎన్నో తీసింది. కానీ ఆ పిల్ల తిన్నగా నడిస్తేనా? గిర్రున తిరుగుతుంది. మడమ కనిపించాలంటే వెనకాలే ఉండాలి, వెనక మనిషి వస్తోందని తెలిస్తే ఆగిపోయి ఇటు తిరుగుతుంది. తీసిన వీడియోలన్నిట్లో మొహమే తప్ప మడమ లేదు.

మేడమ్ ఆపరేషనుకి ఒక రోజు ఖాయం చేసింది. చేస్తూనే ఒక మాట అంది. గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగు కాలేజీ ఉందట, అక్కడ గది చుట్టూ కెమెరాలు పెట్టి మనిషిని అన్ని వైపులనుంచీ ఒకేసారి తీసే కుర్రాళ్లున్నారట, అక్కడికి ఒకసారి తీసుకెళ్లండి, డబ్బేమీ తీసుకోరు అని. లీలావతి ఆ మాటని కొంగున ముడేసుకుంది.

వెళ్లేముందు రోజు ఆవిడ అరిసెలు వండింది. కత్తి తగలకముందే ఆ పాదానికి దక్కాల్సింది దక్కాలి, రేపు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు అని ఆవిడ మనసు. పైగా అన్ని కెమెరాలు పెట్టి పాప అడుగులు తీస్తుంటే, వేడుకకి అంతకన్నా మంచి చోటేముంది? కోడలికి చెబితే వద్దంటుందని స్టీలు డబ్బాలో సర్ది, సంచీ అడుగున పాప గౌను కింద పెట్టింది.

మెట్రోలు మారి, బస్సెక్కి వెళ్లారు. ఆ గది చూసి లీలావతి గుమ్మంలోనే ఆగిపోయింది. నేలా గోడలూ అంతా చిలకపచ్చ గుడ్డ. చుట్టూ గుండ్రంగా కెమెరాలు, కొన్ని చీమల ఎత్తున నేలకి ఆని, కొన్ని నడుము ఎత్తున, కొన్ని పైకప్పునుంచి వేలాడుతూ. అదంతా చూసుకునే కుర్రాడు నవదీప్. మన తెలుగువాళ్లబ్బాయే, పుట్టిందీ పెరిగిందీ జనక్‌పురిలో. తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది, బదులు మాత్రం హిందీలో వస్తుంది. అవసరమైతే నాలుగు తెలుగు ముక్కలు కూడబలుక్కుంటాడు.

అతను లీలావతికి ఎంత ఓపికగా చెప్పాడో చూడండి, విసుక్కోకుండా. నలుపు తెలుపు గళ్ల పలక ఒకటి పట్టుకుని గదంతా తిప్పాడు. ఆ గళ్లని చూసి ఏ కెమెరా ఎక్కడ నిలబడిందో కంప్యూటరు లెక్క కట్టుకుంటుందట. ఆ తర్వాత కెమెరా స్టాండుకి ఎవరి కాలు తగిలినా లెక్కంతా పోయినట్టే. అన్నీ ఒకే రెప్పపాటులో తీస్తాయి. ముందు అందర్నీ బయటికి పంపి ఖాళీ గదిని తీస్తారు. తర్వాత పాప ఉన్న గదిని తీస్తారు. రెండోదాంట్లోంచి మొదటిదాన్ని తీసేస్తే మిగిలేది పాప. అలా ప్రతి కెమెరా చూసిన పాపనీ కలిపి కుట్టేస్తే, మట్టిబొమ్మలా నిండుగా ఒక పాప తయారవుతుంది. ఆ బొమ్మ నడుస్తుంటే మనం ఎటునుంచైనా చూడొచ్చు, అసలు కెమెరాయే లేని చోటునుంచి కూడా. పాప ఎన్ని మెలికలు తిరిగినా మనం ఆ మడమ వెనకాలే ఉండొచ్చు. లీలావతికి సగం అర్థమైంది. దేవుడు చూసినట్టన్నమాట అనుకుంది.

ఖాళీ గదిని తీశారు. పాపని దించారు. అంతే, తేజశ్రీ నాయనమ్మ కాళ్లని చుట్టేసుకుని వదల్లేదు. బంతి ఇస్తే దాని మీద కూర్చుంది. బిస్కెట్ చూపిస్తే చెయ్యి చాపింది, కాలు కదపలేదు. వైశాలి ఎత్తుకుని మధ్యలో నిలబెడితే మళ్లీ వచ్చి చీర పట్టుకుంది. నవదీప్ కోతిలా గెంతాడు, కుక్కలా మొరిగాడు, చొక్కా తడిసిపోయింది. చివరికి చేతులెత్తేసి, ఆంటీ, ఏదైనా చెయ్యండి, ఎలాగైనా నడిపించండి, నేను అద్దం అవతల కూర్చుని తీస్తూ ఉంటాను అని పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

ఏదైనా చెయ్యమన్నాడు కదా. లీలావతికి అదే పెద్ద అనుమతి. సంచీలోంచి డబ్బా తీసింది. పచ్చగుడ్డ మీద ఒక్కో అరిసెనీ అడుగు దూరంలో, కాస్త వంపుగా పరుచుకుంటూ పోయింది. ఆ చివర తను చతికిలబడి చేతులు చాపింది.

తేజశ్రీ మొదటి అరిసె మీద వేళ్లు పెట్టింది. మెత్తగా, నేతితో జారుగా ఉంది. కిందకి చూసింది. ఇంకోటి, ఇంకోటి. ఒక్కో దాని మీదా ఆగి, పాదం కింద అదేంటో తేల్చుకున్నట్టు నొక్కి మరీ నడిచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ చివరికొచ్చి నాయనమ్మ మెడని వాటేసుకుంది. లీలావతికి కళ్లు మసకలు కమ్మాయి. మడమ ఆనిందో లేదో ఆవిడ చూడనే లేదు, ఆ మొహమే చూసింది.

నవదీప్ తలుపు తోసుకుని వచ్చాడు. అతనికి కోపం వస్తే తెలుగు వస్తుందని ఆ రోజే తెలిసింది.

"ఆంటీ, నేల ఖాళీగా ఉండాలి అని చెప్పాను కదా. ఇప్పుడు కంప్యూటర్ మీ రొట్టెని కూడా పాప అనుకుంటుంది."

"రొట్టె కాదు నాయనా, అరిసె" అంది లీలావతి.

అతను గుడ్డ మీద నేతి మరకల్ని చూసి తల పట్టుకున్నాడు. మళ్లీ నడిపిద్దామంటే తేజశ్రీకి నిద్ర ముంచుకొచ్చింది. ఇక చేసేదేముంది? లీలావతి అరిసెల్ని ఎత్తి, అక్కడున్న కుర్రాళ్లందరికీ తలో ముక్కా పంచింది. పాప తొక్కినవి తింటామా అని వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ప్రసాదం అని వైశాలి సర్దిచెప్పింది. తిన్నాక మాత్రం డబ్బాలో ఇంకా ఉన్నాయా అని తొంగి చూశారు.

సాయంత్రం నవదీప్ ఫోను చేసి వైశాలికి చెప్పాడు. ముందు తీసిన వాటిలో పాప నాయనమ్మని కరుచుకునే ఉంది, పనికిరావు. ఒంటరిగా నడిచింది ఆ అరిసెల మీద మాత్రమే. కానీ ఖాళీ గదిని తీసినప్పుడు అరిసెలు లేవు కాబట్టి, కంప్యూటరు వాటిని పాప కాళ్లకే అతికించేసింది. బొమ్మ కాళ్లు గేదె గిట్టల్లా ముద్దగా ఉన్నాయి. మడమ ఎక్కడుందో, అరిసె ఎక్కడుందో తెలియడం లేదు. ఎల్లుండి సాయంత్రం సగం కెమెరాలు విప్పి ఫరీదాబాదులో వేరే పనికి పంపేస్తున్నారు. తెలియదంటే డాక్టరమ్మ ఏం చేస్తుంది? ఖాయం చేసిన రోజుకి కోస్తుంది.

వైశాలి గట్టిగా ఏమీ అనలేదు. "ఒక్క మాట అడగాల్సింది అత్తయ్యా" అంది, అంతే. తిట్టినా బాగుండేది. లీలావతి ఖాళీ డబ్బాని తోమి, కనపడకుండా మంచం కిందికి తోసేసింది. తన అరిసె మూలంగానే ఆ లేత కాలికి కత్తి తగలబోతోందని కుమిలిపోయింది.

తెల్లారాక నవదీప్ మళ్లీ ఫోను చేశాడు. ఈసారి లీలావతితోనే మాట్లాడతానన్నాడు. ఇంటికెళ్లి వాళ్లమ్మకి జరిగింది చెప్పాడట. ఆవిడ పడీ పడీ నవ్వి, అడుగులకు అరిసెలంటే ఏంటో, అతన్ని జనక్‌పురి ఇంట్లో ఎలా నడిపించారో చెప్పిందట. మంచం మీద పడుకుని ఆలోచిస్తే అతనికి ఒక దారి తోచింది. కెమెరాలు ఇంకా కదల్లేదు. ఖాళీ గదిలో అరిసెలు లేకపోవడమే కదా తప్పు? అయితే అరిసెలతో ఖాళీ గదిని మళ్లీ తీద్దాం. అప్పుడు కంప్యూటరు అరిసెల్ని కూడా గదిలో వస్తువులే అనుకుని తీసేస్తుంది.

"అచ్ఛా ఆంటీ, అవే సైజులో, అంతే మందంగా మళ్లీ చేస్తారా? రేపు మధ్యాహ్నం లోపల?"

చేస్తానంది. ఫోను పెట్టగానే గబగబా బియ్యం నానబోసింది. అరిసెల బియ్యం ఒక రోజన్నా నానాలి. తడి బియ్యం మరపట్టించాలి. మొన్న పిండిమర నడిపే ఆటాచక్కీ భయ్యా కాళ్లా వేళ్లా పడితే పట్టాడు, ఆ తర్వాత రాయికి ముద్ద పట్టిందని సగం రోజు దాన్ని గీక్కున్నాడు. ఇంక నా వైపు రావద్దు మాతాజీ అని దణ్ణం పెట్టాడు.

బియ్యం ఆ పగలంతా నానాక, రాత్రి ఆ క్వార్టర్ల ఆడవాళ్లు కదిలారమ్మా. ఆ సంగతి చెప్పకపోతే నాకు పుణ్యం దక్కదు. పై అంతస్తు పంజాబీ ఆవిడ తన మిక్సీ తెచ్చింది, కేరళ ఆవిడ ఇంకొకటి తెచ్చింది. ఒకటి వేడెక్కితే ఇంకొకటి తిప్పారు. పక్కింటి రాజేశ్వరమ్మ జల్లెడ పట్టుకుని కూర్చుంటే జుట్టంతా పిండి పడి ముసలమ్మలా అయింది. ఎవరూ ఎందుకని అడగలేదు. తేజశ్రీ కాలు కోసం అంటే చాలింది. లీలావతి బెల్లం పాకం పట్టి, పిండి కలిపి, మొదటిసారి లెక్కే గుర్తుపెట్టుకుని అదే నిమ్మకాయంత ఉండ తీసి, అంతే వెడల్పు ఒత్తి, వేయించి, చెక్కల మధ్య పెట్టి అంతే గట్టిగా నెయ్యి వత్తింది. మందం ఒకటే రావాలి కదా మరి. పండగలకి కూడా అంత భయంగా వండలేదు ఆవిడ.

మర్నాడు పాపని రాజేశ్వరమ్మకి అప్పజెప్పి, అత్తాకోడళ్లు వేడి డబ్బా ఒళ్లో పెట్టుకుని వెళ్లారు. ఏ అరిసె ఎక్కడుందో ఎలా తెలుస్తుంది అని దారి పొడుగునా లీలావతి బెంగ. వెళ్లి చూస్తే గుడ్డ మీద నేతి మరకలు అలాగే ఉన్నాయి, నవదీప్ ఎవర్నీ కడగనివ్వలేదు. అతను అటు మోకాళ్ల మీద, ఆవిడ ఇటు మోకాళ్ల మీద, మరక మీద మరక మూసుకునేలా అరిసెల్ని పేర్చారు. కెమెరా కాళ్లకి తగలకుండా ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, దొంగలా వెనక్కి నడిచి బయటికొచ్చింది. ఖాళీ గదిని, అంటే అరిసెలున్న ఖాళీ గదిని, తీశారు. పుట్టి ఇన్నేళ్లయింది, నా వంటకి ఇంతమంది ఫోటో తీసేవాళ్లని ఎప్పుడూ చూడలేదు అంది లీలావతి. నవదీప్ నవ్వాడు.

దాంతో అయిపోలేదు. పాప తొక్కి చితికిన చోట అరిసె ఆకారం మారింది కదా, అక్కడ కంప్యూటరుకి మళ్లీ తికమక. ఆ ముక్కల్ని ఒక్కో బొమ్మలో, ఒక్కో కెమెరా చూసినదాంట్లో నవదీప్ చేత్తో కత్తిరించాడు, ఎంబ్రాయిడరీ దారం విప్పినట్టు. వైశాలి ఫోను చేసినప్పుడల్లా అయిపోవచ్చింది దీదీ అనేవాడు. అతనికి పరీక్ష దగ్గరపడింది, ఆ పని మానేసి ఇది పట్టుకున్నాడని తర్వాత వాళ్లమ్మ చెబితే తెలిసింది. ఎవరి పిల్ల, ఎవరి కాలు? ఎవరో అని కూడా చూడలేదు అతను.

ఆపరేషను రోజు ఇంకా ముందుందనగా అందరూ ఖురానా మేడమ్ గదిలో కూర్చున్నారు. నవదీప్ కంప్యూటరు తెరిచాడు. నల్లటి చీకట్లో తేజశ్రీ ఒక్కతే, బూడిదరంగు బొమ్మలా నిలబడి ఉంది. మేడమ్ వేలితో తిప్పింది. బొమ్మ చుట్టూ తిరిగి, కిందకి దిగి, మడమ వెనక్కి వచ్చి ఆగింది. నడిపించు అంది.

మొదటి అడుగు, వేళ్లు. రెండో అడుగు, వేళ్లు. వైశాలి కళ్లు మూసేసుకుంది. లీలావతి మాత్రం రెప్ప వెయ్యలేదు. మూడో అడుగు దగ్గర పాప ఆగింది, ఆనాడు అరిసె నొక్కి చూసిన చోటు. మడమ గాల్లో వణికింది. మెల్లగా, పొంగిన పాలు దిగినట్టు, దిగింది. దిగి, కూర్చుంది. తర్వాత అడుగు కూడా. మధ్యలో ఒకటి మళ్లీ వేళ్ల మీద, ఆ తర్వాత మళ్లీ మడమ.

మేడమ్ దాన్ని వెనక్కి తిప్పింది, పక్కనుంచి చూసింది, మళ్లీ వెనకనుంచి చూసింది. చివరికి కళ్లజోడు తీసి వైశాలి వైపు తిరిగింది.

"మడమ దిగుతోంది. ఇప్పుడు కొయ్యను."

వైశాలి అర్థం కానట్టు మళ్లీ అడిగింది. మేడమ్ మళ్లీ చెప్పింది, కట్లు కడదాం, కసరత్తు చేయిద్దాం, ఆరు నెలలు చూద్దాం అని. నవదీప్ భుజం తట్టి మంచి పని చేశావంది. అతను సిగ్గుపడి, నాదేముంది, ఆంటీ రెండుసార్లు వండారు అన్నాడు. ఆ మాటకి అందరూ నవ్వారు, లీలావతి నవ్వలేదు. ఆ కుర్రాడి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. అతను కంగారుపడి చేతులు లాక్కోబోయాడు, ఆవిడ వదల్లేదు. బొబ్బిలి మాటలో ఏదో దీవించింది. అతనికి అర్థమైందో లేదో గానీ తల వంచుకుని తీసుకున్నాడు.

వేలితో తిప్పి చూసుకునేలా ఆ బొమ్మని ఉమాశంకర్‌కి కూడా పంపారు. కొండల మీద సిగ్నలు దొరికే ఒక బండ ఉందట, అక్కడ నిలబడి ఫోను చేశాడు. కొయ్యక్కర్లేదన్న మాట మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత అడిగాడు, అమ్మా, పాప చేతులు చాపి ఎవరి దగ్గరికి వస్తోంది, అక్కడ ఎవరూ లేరే అని. నిజమే మరి. డాక్టరమ్మకి పాపొక్కతే కావాలని నవదీప్ లీలావతిని కత్తిరించేశాడు. నేనే కూర్చున్నానురా అక్కడ, నన్ను తీసేశారు అంది ఆవిడ నవ్వుతూ. అలా ఎలా తీసేస్తారని కొడుకు నొచ్చుకున్నాడు.

"తీసేస్తే తీసేశారు. నువ్వు దాన్ని వేలితో ఇటు తిప్పు, నేను కూర్చున్న చోటికి వచ్చి చూడు" అంది లీలావతి.

అవతల గాలి చప్పుడు వినిపిస్తోంది. ఉమాశంకర్ బొమ్మని తిప్పుకుంటున్నాడు. తిప్పుకుని, కెమెరా లేని ఆ చోటికి, తల్లి చతికిలబడ్డ చోటికి వచ్చాడు. అక్కడినుంచి చూస్తే కూతురు అడుగు మీద అడుగు వేసుకుంటూ, మడమ ఆనించుకుంటూ, చేతులు చాపి, తిన్నగా అతని మీదికే వస్తోంది.

"వచ్చిందమ్మా" అన్నాడు.

తేజశ్రీ ఇప్పటికీ పరుగెత్తితే వేళ్లే, అది ఒక్కనాటితో పోదు. నడిస్తే మాత్రం మడమ ఆనుతోంది. అందుకే చెబుతున్నాను, రేపు మీ ఇళ్లలో ఏ పిల్లో తొలి అడుగు వేస్తే, వేడుక చూడ్డానికి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి. చెప్పిన నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. పరీక్ష పక్కన పెట్టి తనకేమీ కాని ఒక పాప కాలి కోసం కూర్చున్న జనక్‌పురి నవదీప్ పేరు మాత్రం చెప్పండి, మిక్సీలు మోసుకొచ్చిన ఆడవాళ్లని కూడా చెప్పండి. విన్నవాళ్లని ఇంకొకళ్లకి చెప్పమనండి.